ధర్మామీటరు తగిలించే చోటు

అత్తిముగంలో నాగవేణి ఇంటికి ఇనుప స్టాండ్లు బిగించడానికి మొదటిసారి పోయినప్పుడు ఆమె నన్ను గడప దాటనివ్వలేదు. స్నానం చేసి రమ్మంది.

“పొద్దున్నే చేసే వచ్చినానమ్మా,” అన్నాను.

“చేసినావని తెలుస్తానే ఉండాది. వీధి చివర నుంచే సోపు వాసన కొట్టింది. తొట్టిలో నీళ్ళున్నాయి, ఉత్త నీళ్ళు పోసుకోని రాప్పా. మా పిల్లోళ్ళకు నీ సెంటు పడదు.”

పిల్లోళ్ళంటే పట్టుపురుగులు. హోసూరులో నా వెల్డింగ్ షాపు నుంచి అంత దూరం బండి మీద వచ్చి, దొడ్లో చలికి వణుకుతూ నీళ్ళు పోసుకొని, ఆమె భర్త శ్రీనివాస పంచె ఒకటి కట్టుకొని లోపలికి పోయాను. చూస్తే గదిలో పురుగు ఒక్కటీ లేదు. గుడ్లు వచ్చే వారం వస్తాయట.

“ఖాళీ గదికి ఇంత మడి ఎందుకమ్మా?” అన్నాను.

“ఖాళీగా ఉన్నప్పుడు అలవాటు కాకపోతే, నిండినాక యాడవుతుంది?” అంది.

ఆ మాటతో ఆమె పని మీద నాకు గురి కుదిరింది. అప్పటినుంచి ఆ ఇంటికి పోయే రోజు సోపు ముట్టుకోను.

గుడ్డు పగిలి బయటికొచ్చిన పట్టుపురుగు చీమంత కూడా ఉండదు. ఆ పసితనంలో దాన్ని బతికించడం ప్రతి రైతుకూ చేతనయ్యే పని కాదు. అందుకని కొందరు గుడ్లు తెచ్చి, పొదిగించి, లేత మల్బరీ ఆకు సన్నగా తరిగి పెట్టి, రెండో జ్వరం దాకా పెంచి రైతులకు అప్పజెబుతారు. కుబుసం విడిచే ముందు పురుగు మేత మాని, తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది. దాన్నే మావైపు జ్వరం అంటారు. ఈ పసిపురుగుల పెంపకానికి చాకీ అని పేరు. నాగవేణి చేసేది చాకీ పనే.

ఆమె పుట్టిల్లు కోలారు వైపు. అక్కడ టమాటా తోటలే తప్ప వాళ్ళకు పట్టు సంగతి తెలియదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో పురుగును చూస్తే ఒళ్ళు జలదరించేదట. అత్త వెంకటసుబ్బమ్మ ఒక కోడి ఈక చేతికిచ్చి, గుడ్ల షీటు మీది పిల్లపురుగుల్ని ట్రేలోకి దువ్వమంది. “గట్టిగా దువ్వితే చస్తాయి, మెల్లగా దువ్వితే నువ్వు ముసలిదానివైపోతావు. మధ్యలో చూసుకో” అని చెప్పి పక్కన కూర్చుంది. ఆమెకు దొరికిన పాఠం అదే. మిగతాదంతా చూసి, చెడగొట్టి, మళ్ళీ చేసి నేర్చుకుంది. ఇప్పుడు ఆకు తరిగేటప్పుడు కత్తి వైపు చూడదు. కళ్ళు ట్రేల మీదే ఉంటాయి. ముక్కలు మాత్రం మిషను కోసినట్టు ఒకే సైజు పడతాయి.

స్టాండ్లు బిగించేటప్పుడు ఆమె ప్రత్యేకంగా ఒక్కటే అడిగింది. అన్నిటికంటే పై అర దగ్గర కమ్మీకి ఒక కొక్కెం పెట్టమంది, ధర్మామీటరు తగిలించుకోవడానికి.

“అంత ఎత్తునా? చూడాలంటే స్టూలెక్కాల కదమ్మా.”

“ఎక్కుతాను. కాళ్ళు యాల ఉండేది?”

పెట్టి వచ్చాను. ఎవరి గది వాళ్ళది, ఎవరి పద్ధతి వాళ్ళది.

రెండేళ్ళ కిందట ఈ చుట్టుపక్కల చాకీ కేంద్రాలవాళ్ళు, పట్టు రైతులు కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. గుడ్ల ఆర్డరు అందరి తరఫునా సంఘమే పెడుతుంది. కృష్ణగిరిలో ట్రేలు, సున్నం, బ్లీచింగ్ పొడి అమ్మే షావుకారు అనంతకుమార్ దానికి అధ్యక్షుడు. ఆయన దుకాణం మేడ మీదే మీటింగులు.

ఆ సంఘం లోపల ఇంకో చిన్న కమిటీ వేశారు. జనం దానికి అంకెల కమిటీ అని పేరు పెట్టి నవ్వుకునేవారు. అయినా అది చేయబోయింది నవ్వులాట పని కాదు. ఒక్కో కేంద్రం ఒక్కో తీరుగా గది లెక్కలు రాసుకునేది. కొందరు రాసేవాళ్ళే కాదు. ఎక్కడైనా పంట పోతే వెనక్కి తిరిగి చూసుకునే దారి లేదు. అందరూ అవే సంగతులు, అదే తీరున రాస్తే ఒకరి దెబ్బ ఇంకొకరికి పాఠమవుతుందని ఆలోచన.

కమిటీలో షావుకారు కాక ముగ్గురు చాకీవాళ్ళు. తళి వైపు పెద్ద కేంద్రం నడిపే జయరామప్ప, ఊత్తంగరై నుంచి వచ్చే మోహన్‌రాజ్, మా నాగవేణి. ఫోనులో లెక్కలు రాసే ఆప్ తయారుచేయడానికి వంశీ. అతనిది అనంతపురం. హోసూరులో ఒక కంపెనీ ఆఫీసులో పని. అత్తగారివైపు వాళ్ళు పట్టు రైతులు కావడంతో ఆదివారాలు ఈ పని నెత్తికెత్తుకున్నాడు. స్టాండ్ల ఎత్తు, అరల దూరం కూడా అందరికీ ఒకే కొలతకు తెద్దామని నన్నూ పిలిచారు. నా సంగతి ఒక్క పూటలో తేలిపోయింది. ఇనుముకు కొలత ఉంది. మిగతాది తేలడానికి నెలలు పట్టింది.

వంశీ మొదట తెచ్చిన ఫారంలో ఆకు తేమ దగ్గర్నుంచి గాలి వేగం దాకా బోలెడు గడులు. నాగవేణి దాన్ని పైనుంచి కింద దాకా చూసింది.

“ఇదంతా నింపేలోపల పురుగు గూడు కట్టి, దారం తీసి, చీర నేసి, కట్టుకోని కూడా అయిపోతుంది కదప్పా.”

అందరూ నవ్వారు. వంశీ కూడా నవ్వి, అక్కడే కూర్చొని గడులు కొట్టేయడం మొదలుపెట్టాడు. ఒక్కో గడికీ ఒకే ప్రశ్న వేసేవాడు. “ఇది తెలిస్తే మీరు గదిలో ఏమైనా మారుస్తారా?” మారుస్తాం అంటే ఉంచాడు. లేదంటే తీసేశాడు. ఆ పద్ధతి నాకు నచ్చింది. చివరికి మిగిలినవి కొన్నే. ఏ బ్యాచి గుడ్లు, ఎప్పుడు పగిలినాయి, మేత ఎన్నిసార్లు, జ్వరం ఎప్పుడు పట్టింది, ఎప్పుడు విడిచింది, గది వేడి, గది తేమ. అందరూ ఒప్పుకున్నారు. షావుకారు మైసూరుపాకు తెప్పించాడు. పని అయిపోయిందనుకొని తిని ఇళ్ళకు పోయాం.

మొన్నటి చలికాలంలో దెబ్బ తగిలింది. అత్తిముగంలోనే, నాగవేణి వీధిలోనే ఉండే దుర్గాదేవికి పంట పోయింది. ఆమె నాగవేణి దగ్గర చాకీ తీసుకొని గూడు కట్టేదాకా పెంచే రైతు. నాలుగో జ్వరం దాటాక పురుగులు ఉబ్బి, పచ్చబడి, ముట్టుకుంటే చిట్లిపోయాయి. దాన్ని పాలు రోగం అంటారు. ట్రేలకు ట్రేలు గుంట తీసి పూడ్చేశారు. పక్క ఊళ్ళో ఇంకో ఇద్దరికీ అదే జరిగింది. ముగ్గురూ నాగవేణి దగ్గర తీసుకున్నవాళ్ళే. పసితనంలో వేడి తగిలిన పురుగు పెద్దయ్యాక రోగానికి ఆగదని రైతులందరికీ తెలుసు.

షావుకారు మీటింగు పెట్టాడు. వంశీ అందరి లెక్కలూ కలిపి గోడ మీద గీతలుగా చూపించాడు. ఒక్కో కేంద్రం గది వేడికి ఒక్కో రంగు. నీలం, పచ్చ, పసుపు గీతలు కింద ఒకదానికొకటి ఆనుకొని పోతున్నాయి. వాటన్నిటికీ పైన, ఎక్కడా కిందికి దిగకుండా, ఒక ఎర్రగీత. దాని కింద నాగవేణి పేరు.

చదువు రానివాళ్ళకు కూడా ఆ గీత చెప్పేదేమిటో తెలిసిపోయింది. దుర్గాదేవి వెనక వరసలో కూర్చొని ఉంది. కొంగు సర్దుకుంది.

“గదిలో హీటరు పెట్టినావా, పొయ్యి పెట్టినావా అమ్మా?” అన్నాడు జయరామప్ప. “ఆ గీత చూస్తే కోళ్ళు కాల్చినట్టుండాది.”

“నా గదిలో కోళ్ళు లేవప్పా,” అంది నాగవేణి. “కూసేటోళ్ళంతా ఈడనే ఉండారు.”

నవ్వులు లేచాయి గానీ నిలవలేదు. అనంతకుమార్ గొంతు సవరించుకున్నాడు.

“అమ్మా, నాకు ఎవురి మీదా కోపం లేదు. గీత నువ్వూ చూసినావు. ఈ తూరి గుడ్ల ఆర్డరులో నీ పేరు నిలిపి పెడతాం. కమిటీ వచ్చి గది చూస్తుంది. వేడి నిజమని తేలితే మాత్రం, ఇంగ నీకు గుడ్లు ఇచ్చేది లేదు. రైతులకు నేను జవాబు చెప్పాల కదా.”

“చూడండి,” అంది ఆమె.

కృష్ణగిరి బస్టాండులో హోసూరు బస్సు కోసం నిలబడినప్పుడు నన్ను అడిగింది. “అప్పా, మీటరు తప్పు చూపిస్తుందా?”

“చూపించొచ్చు. నా షాపుకు తీసుకోనిరా, చూద్దాం.”

మరునాడు చీర కొంగులో చుట్టుకొని తెచ్చింది. నా దగ్గరున్న మీటరు, పక్క మెడికల్ షాపు గోడకుండే ఇంకోటి, ఆమెది, మూడూ ఒకే బకెట్టు నీళ్ళలో ముంచాం. మూడూ ఒకటే చూపించాయి.

అది చూసి ఆమె మొహం పాలిపోయింది. మీటరు తప్పయి ఉంటే బాగుండునని నేను కూడా అనుకున్నాను. మీటరు సరిగ్గానే ఉంది. ఆమె రాసిన అంకె కూడా నిజమే. అయితే గది నిజంగానే వేడిగా ఉన్నట్టేగా.

“గుడ్లు ఇయ్యకపోతే పోనీ అప్పా,” అంది బకెట్టులోకి చూస్తూ. “మా ఆయన అప్పుడే కంపెనీ క్యాంటీన్లో పని ఉందంట అంటా ఉండాడు. చేసుకోవచ్చు. దుర్గ పురుగుల్ని నేనే కాల్చినానా? నాకు అది తెలియాల. రోజూ స్టూలెక్కి చూస్తానే ఉంటిని. చూస్తా చూస్తానే కాల్చినానా?”

మీటరు తుడిచి ఇచ్చాను.

ఆ వారాల్లో దుర్గాదేవి ఆ గడప తొక్కలేదు. ఆ రెండిళ్ళ మధ్య పెరుగుతోడు గిన్నె ఎప్పుడూ అటూ ఇటూ తిరుగుతూ ఉండేది. నాగవేణి తోడు కోసం ఇంకో వీధికి పోవడం మొదలుపెట్టిందని శ్రీనివాస చెప్పాడు.

కమిటీ వచ్చిన రోజు చలి బాగా ఉంది. అంతకుముందే ఆర్డరిచ్చిన ఆఖరి గుడ్లు అప్పటికి పగిలాయి. గదిలో పురుగులు మొదటి జ్వరంలో ఉన్నాయి. హీటరు నడుస్తోంది. షావుకారు, వంశీ, మోహన్‌రాజ్ ఒక కారులో వచ్చారు. జయరామప్ప తన బండి మీద వచ్చాడు. నేను హోసూరు నుంచి వచ్చాను, సోపు లేకుండా.

“షావుకారూ, మీరు గంధం పెట్టుకోనుండారు,” అంది నాగవేణి గడపకు అడ్డంగా నిలబడి. “తొట్టి ఆ పక్క.”

“నేను కూడానా అమ్మా?”

“పురుగులకు అధ్యక్షుడెవురో తెలియదు కదప్పా.”

ఆయన గొణుక్కుంటూ తొట్టి దగ్గరికి పోయాడు. జయరామప్పకు మాత్రం ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది. ఇంటి దగ్గరే ఉత్త నీళ్ళతో స్నానం చేసి, ఉతికిన పంచె సంచిలో తెచ్చుకున్నాడు. తొడుక్కున్న చొక్కా విప్పి బయట దండెం మీద వేసి, బ్లీచింగ్ నీళ్ళ పళ్ళెంలో కాళ్ళు ముంచి లోపలికి అడుగుపెట్టాడు. సంచిలోంచి తన మీటరు కూడా తీశాడు. నాగవేణి అది గమనించింది. ఆమె మొహం కొంచెం మెత్తబడింది.

లోపలికి రాగానే జయరామప్ప కళ్ళు తలుపు పక్క గోడ మీదికి పోయాయి. అక్కడ ఏమీ లేదు.

“యాడమ్మా నీ మీటరు?”

“పైన.”

“పైన అంటే?”

ఆమె చేయి చూపించింది. జయరామప్ప స్టూలెక్కాడు. పై అర దగ్గర తల పెట్టి చాలాసేపు చూశాడు.

“ముప్పై,” అన్నాడు.

కింద నుంచి షావుకారు నిట్టూర్చాడు. “అయితే గీత నిజమే.”

“ఉండు షావుకారూ,” అన్నాడు జయరామప్ప. స్టూలు దిగి తన మీటరును తలుపు పక్కన, మనిషి ఎత్తున పట్టుకొని నిలబడ్డాడు. “మా గదిలో నేను ఈడ పెడతాను. కిటికీ అద్దం పక్కన. బయటి నుంచే చూసుకుంటాను. మాటిమాటికి లోపలికి పోతే కాళ్ళతో రోగం పోతుంది కదా.”

కాసేపు ఆగి చూశాడు. “ఇరవై ఏడు.”

రెండు మీటర్లూ మార్చి పెట్టాడు. ఆమెది తలుపు దగ్గరికి, తనది పైకి. అంకె కుదురుకునేదాకా ఆగాం. తర్వాత చూస్తే ఆమె మీటరు ఇరవై ఏడు చూపిస్తోంది. అతని మీటరు ముప్పై.

వంశీ గోడకు ఆనుకున్నాడు. “వేడెంత అని గడి పెట్టినాను. ఏ చోట చూసిన వేడి అని గడి పెట్టలేదు. ఎవరికీ తోచలేదు. మోహన్‌రాజ్ గారూ, మీరెక్కడ పెడతారు?”

“నేను కింద అర దగ్గర,” అన్నాడు మోహన్‌రాజ్, తమిళం కలిసిన తెలుగులో. “అదీ తెల్లవారే ముందు ఒక్క తడవ చూసేది. మాకు మిగతా వేళంతా వేడి గురించి చింత లేదు సార్. ఆ వేళకు చల్లబడిపోతుందని భయం.”

“నువ్వు పైన యాల పెట్టినావమ్మా?” అన్నాడు జయరామప్ప.

నాగవేణి చెప్పింది. అత్త కాలంలో హీటర్లు లేవు. బొగ్గుల కుంపటి పెట్టేవాళ్ళు. ఒక చలికాలం కింది ట్రేలు చూసి అంతా బాగుందనుకున్నారట. పై వరస ట్రేలు దించితే ఆకూ పురుగూ కలిసి ఎండిపోయి ఉన్నాయి. ఆ రోజునుంచి వెంకటసుబ్బమ్మ పై అరను ఖాళీగా ఉంచి, తడి గోనెపట్ట పరిచి, ధర్మామీటరు అక్కడే తగిలించింది. వేడి ఎక్కేది ముందు అక్కడే. అక్కడ ముప్పై దాటకుండా ఉంటే కింద పురుగులకు ఇబ్బంది లేదని లెక్క. కోడలికీ అదే నేర్పింది.

ఒకరిది వేడి భయం, ఒకరిది రోగం భయం, ఒకరిది చలి భయం. ఎవరి భయం ఎక్కడుందో వాళ్ళ ధర్మామీటరు అక్కడ వేలాడుతోంది. ముగ్గురూ నిజమే రాశారు. ఆ మూడు నిజాలనూ ఒకే గోడ మీద గీతలుగా గీస్తే అబద్ధమైపోయాయి.

జయరామప్ప మీటరు పట్టుకొని వరసగా పురుగులున్న ట్రేలన్నిటి పక్కనా పెట్టి చూశాడు. ఎక్కడా ఇరవై ఎనిమిది దాటలేదు. పసిపురుగుకు కావలసింది ఆ వేడే. చివరి ట్రే దగ్గర నిలబడి, మూత కాగితం కొంచెం ఎత్తి, జ్వరంలో ఉన్న పురుగుల్ని చూశాడు. అన్నీ ఒక్కటిగా తలలెత్తి ఉన్నాయి.

“బాగా పట్టినాయమ్మా జ్వరానికి,” అన్నాడు. “ఒక్కటి కూడా వెనకబడలేదు.” తర్వాత షావుకారు వైపు తిరిగాడు. “ఈ గదిలో ఎవురూ ఏ పురుగునూ కాల్చలేదప్పా. కోళ్ళు అని అన్న మాట నేను వెనక్కి తీసుకుంటా ఉండాను.”

నాగవేణి బయటికి పోయింది. కాసేపటికి దొడ్లో బకెట్ల చప్పుడు. “కడిగినవే ఎన్నిసార్లు కడుగుతావే?” అని శ్రీనివాస అడుగుతున్నాడు. ఆమె చేతులు ఆపలేదు. తిరిగి వచ్చేటప్పటికి కళ్ళు ఎర్రగా ఉన్నాయి. మొహం మాత్రం తేటపడింది. “కాఫీ తాగి పోండి,” అంది. ఎన్నో వారాల తర్వాత ఆ ఇంట్లో నవ్వులు వినబడ్డాయి. కాఫీ తాగేటప్పుడు శ్రీనివాస క్యాంటీను సంగతి తనే ఎత్తి, తనే వద్దులే అన్నాడు.

జయరామప్ప అంతటితో ఊరుకోలేదు. “ఇప్పుడు మా గది చూద్దాం రండి,” అన్నాడు. “మా దాంట్లో పై అర కూడా నింపుతాను. ఆడ ఎంతుంటుందో నేనెప్పుడూ చూడలేదు.” అందరం తళి వైపు పోయాం. స్టూలెక్కి మీటరు పైన పెట్టినవాడు కాసేపు దిగలేదు. ముప్పై ఒకటి. “గోడ మీద నా గీత కింద ఉండాది. నా పురుగులు మాత్రం పైన ఉండాయి,” అన్నాడు. మేం చూస్తుండగానే పై వరస ట్రేలన్నీ దించి పక్క గదిలోకి మార్చాడు. ఒకరికి వెసులుబాటు దొరికిన పూటే ఇంకొకరి పురుగులు కూడా బతికాయి. అలాంటి పూట కమిటీ పనిలో మళ్ళీ నేను చూడలేదు.

దుర్గాదేవి పంట ఎందుకు పోయిందో ఇప్పటికీ ఖాయంగా చెప్పలేం. ఆమె మల్బరీ తోట పక్కన టమాటాకు మందు కొట్టారని కొందరన్నారు. నాగవేణి ఆ మాట పట్టుకొని ఊరంతా తిరగలేదు. “తెలియనిది తెలియదని ఉండనీ” అంది.

తర్వాత మీటింగు నా వెల్డింగ్ షాపులోనే పెట్టారు. కొత్త కొలతకు చేసిన స్టాండు అక్కడ నిలబెట్టి ఉంది. ధర్మామీటరు ఎక్కడ పెట్టాలో ఒక్క వాక్యంలో రాయాలి. వంశీ రాసి చదివాడు. “ధర్మామీటరు గది మధ్యలో పెట్టాలి.”

“సరే,” అన్నారు అందరూ.

“ఆ రోజు కూడా సరే అన్నాం,” అంది నాగవేణి. “మైసూరుపాకు కూడా తిన్నాం. మాటలు చాలు. స్టాండు ఈడనే ఉండాది కదా. ఒక్కొక్కరే పోయి తగిలించండి. మిగతావాళ్ళు అటు తిరగండి.”

గోడకు ఒక తలుపు గీసి, మూలన ఒక ఇటుక పెట్టి దాన్ని హీటరు అనుకున్నాం. మోహన్‌రాజ్ నడిమి అరలో వెనకవైపు తగిలించాడు. జయరామప్ప అదే అరలో ముందువైపు, ఇటుకకు ఎదురుగా పెట్టాడు. షావుకారు స్టాండు వదిలేసి గది నట్టనడుమ పైకప్పు నుంచి వేలాడదీయాలని తాడు అడిగాడు. ఒకే వాక్యం, మూడు చోట్లు.

“వాక్యం ఫెయిల్,” అని వంశీ ఉషారుగా కొట్టేశాడు. అతనికి ఈ ఆట భలే నచ్చింది. మళ్ళీ రాశాడు, మళ్ళీ తగిలించారు. మళ్ళీ కొట్టేశాడు. టీలు వచ్చాయి, పోయాయి. జయరామప్ప మధ్యలో అడ్డం పడ్డాడు. స్టాండు మీద పెడితే చూడటానికి మాటిమాటికి గదిలోకి పోవాల, నేను ఒప్పుకోను అన్నాడు. ఆయన చెప్పింది సబబే. పొడుగు తీగ ఉండే మీటరు దొరుకుతుందని వంశీ చెప్పాడు. కొస స్టాండు మీద ఉంటుంది, అంకె కిటికీ బయట కనబడుతుంది. దానితో ఆయన శాంతించాడు. తెల్లవారుజాము లెక్క వదలనని మోహన్‌రాజ్ పట్టుబట్టాడు. అది ఇష్టమున్నవాళ్ళు అదనంగా రాసుకోవచ్చు, వేళ మాత్రం పక్కన వేయాలి అని తేల్చారు.

ఆఖరికి నిలిచిన మాటలు ఇవి: “నడిమి అరలో, ట్రే అంచు ఎత్తుకు, హీటరుకూ తలుపుకూ దూరంగా ఉన్న మూలకమ్మీకి తగిలించాలి. మేత పెట్టే ముందు చూడాలి. వేరే చోట చూస్తే ఆ చోటు పేరు అంకె పక్కనే రాయాలి.” ఒకరి తర్వాత ఒకరు పోయారు. షావుకారుతో సహా అందరి చేయీ ఒకే కమ్మీ మీదికి పోయింది. “ఆయ్తు,” అన్నాడు జయరామప్ప కన్నడంలో, అయిపోయిందని. ఈసారి మైసూరుపాకు తెప్పించింది ఆయనే.

ఇంకో చిక్కు మిగిలింది. పాత అంకెలను ఏం చేయాలి? నాగవేణి అంకెల్లోంచి మూడేసి తీసేస్తే మిగతావాళ్ళతో కలుస్తాయని వంశీ అన్నాడు.

“వద్దప్పా,” అంది ఆమె. “తీసేస్తే అది నువ్వు వేసిన అంకె అవుతుంది. నేను స్టూలెక్కి చూసింది కాదు. దాని పక్కన ‘పై అర’ అని రాసి పెట్టు. చాలు.”

వంశీ అలాగే రాశాడు. ఇప్పుడు ఆ ఎర్రగీత గోడ మీద అలాగే ఉంటుంది, పక్కన ‘పై అర’ అని పేరుతో. దాన్ని ఎవరూ మిగతా గీతల పక్కన పెట్టి చూడరు.

గుడ్ల ఆర్డరులో ఆమె పేరు వచ్చింది. గుడ్లు దిగిన రోజు కొత్త కొక్కేలు బిగించడానికి నేను పోయాను. నడిమి అర మూలకమ్మీకి ఒకటి బిగించాను. పైదాన్ని కోసేద్దామని మిషను తీస్తే వద్దంది.

“అది ఉండనీ. మా అత్తది.”

“లెక్కలో రాయరు కదా?”

“రాయను. చూసుకుంటాను.”

అప్పుడే గడప దగ్గర అలికిడయింది. దుర్గాదేవి. చేతిలో పెరుగుతోడు గిన్నె. తల తడిగా ఉంది, సోపు వాసన లేదు. నాగవేణి గుడ్ల షీట్ల మీద వెలుతురు పడకుండా నల్లగుడ్డ సర్దుతూ, తలెత్తకుండానే అంది.

“ఈ బ్యాచిలో నీకు కూడా పెట్టినాను. తలుపు ముయ్యమ్మా, గాలి వస్తా ఉండాది.”

దుర్గాదేవి కాళ్ళు పళ్ళెంలో ముంచి లోపలికి వచ్చి, తలుపు మూసింది.